పోలన్న పచ్చి విల్లు

అనగా అనగా, మీ తాతల తాతలకింకా బొడ్డూడని కాలంలో, ఒక కొండకోట. కోటలో ఒక దొర. కోట కింద గుడిసెలో పోలన్న, వాడి పెళ్లాం గంగి. పోలన్న కొమ్మువిళ్లు చేసేవాడు.

ఎలా చేసేవాడంటారా? వెదురుబద్దకు లోపలివైపు గేదెకొమ్ము అతికించేవాడు. బయటివైపు జింక నరాలు చీల్చి, తోలు ఉడకబెట్టిన బంకలో ముంచి, పొర మీద పొర పరిచేవాడు. రెండు మూరల విల్లే గానీ బాణం ఏరు దాటిపోయేది. ఒకటే చిక్కు. పైకి ఎండినట్టు కనబడినా లోపల బంక పచ్చిగానే ఉంటుంది. వానలు వెళ్లి, ఎండలు ముదిరితే గానీ దాన్ని లాగకూడదు.

ఆ ఏడు వానల్లో ఒక చిరుత మందల మీద పడింది. దొర కొడుకు చిన్నదొర వేటకెళ్తానని పట్టుబట్టాడు. దొర బంటు దిగొచ్చాడు.

"విల్లియ్యి పోలన్నా."

"పచ్చిదయ్యా, పచ్చిది. వానలు వెళ్లనీ."

మళ్లీ వచ్చాడు. "పచ్చిదయ్యా, పచ్చిది."

మూడోసారి వచ్చేసరికి పోలన్న కొమ్ముల కోసం సంతకెళ్లాడు. గంగి ఒక్కతే ఉంది. "ఈసారి ఉత్తచేతుల్తో పోయానంటే నీ మొగుణ్ణి కట్టేసి తీసుకుపోతారు. ఆపైన నీ ఇష్టం" అన్నాడు బంటు. గంగి దూలానికి కట్టిన విల్లు దించింది. గోటితో గీరి చూసింది. గట్టిగానే ఉంది. ఇచ్చేసింది.

పోలన్న వచ్చాడు. దూలం కేసి చూశాడు. "ఓసి నా తల్లీ, ఎంత పని చేశావే! అది విరిగితే ఆ పిల్లాడి ముఖం పోతుందే!" అంటూ ఒకటే పరుగు. వెనకే గంగి.

కోట ముంగిట చిన్నదొర అప్పటికే నారి ఎక్కించాడు. పోలన్న అడ్డంపడి విల్లు పట్టుకున్నాడు. "వద్దు బాబూ, పచ్చిది!"

పక్కనే ఉన్న దొరకు ఒళ్లు మండింది. "నిగనిగలాడుతుంటే పచ్చిదంటావేంరా? ఇవ్వడానికి మనసు రాక సాకులా? అయితే నువ్వే లాగి చూపించు. విరక్కపోతే నా కొడుకు తీసుకెళ్తాడు."

పోలన్న గంగి వైపు చూశాడు. "ఏం కాదులేవే. కిర్రుమనగానే ఆపేస్తాగా."

కొంచెం లాగాడు. చప్పుడు లేదు. ఇంకొంచెం లాగాడు. చప్పుడు లేదు. "చూశావా!" అని దొర నవ్వాడు. పోలన్న మూడోసారి లాగాడు.

కిర్రుమనలేదర్రా. ఫెళ్లుమంది!

కొమ్ముముక్క గొంతులో దిగబడింది. పోలన్న నిలబడ్డచోటే కూలిపోయాడు. చిన్నదొర చెయ్యి విల్లు కోసం చాపింది చాపినట్టే ఉండిపోయింది. గంగికి ఏడుపైనా రాలేదు. మొగుడి పక్కన చతికిలబడి, విరిగిన విల్లు తీసుకుని, చీలికలో వేలు పెట్టింది. బంక జిగురుజిగురుగా అంటుకుంది. ఆ వేలు దొర ముఖం ముందు పెట్టింది.

"పచ్చిదే" అంది.

ఏమర్రా, ఊఁ కొట్టడం మానేశారేం? కథ ఇంకా ఉంది, వినండి.

ఇప్పటికీ ఆ కొండల్లో కొత్త విల్లు పుచ్చుకునేవాడు చెయ్యి చాపడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. చేసినవాడు "పండింది, తీసుకో" అని ముమ్మారు అంటేనే ముందుకొస్తాడు. "పచ్చిది" అన్నాడా, ఎంతటి దొరైనా మారుమాట లేకుండా ఇంటిదారి పట్టాల్సిందే. పోతూ పోతూ "పోలన్న మాట" అనుకుని, తన గొంతు తను తడుముకుంటాడు.