పొణికి చెక్క మీద జలపాతం

అడవిలో మాట చెట్టు మారితే రంగు మారుతుందంటారు. నేను మాత్రం గేదె నోట విన్నది విన్నట్టే చెబుతున్నాను.

చారలమ్మ అనే ఉడతకు బొమ్మల పిచ్చి. మోదుగు పూలు, నేరేడు పళ్ళు, ఆకు పసరు నీళ్ళలో కలుపుకుని, తోక కొసే కుంచెగా, తెల్లటి పొణికి చెక్కల మీద రోజూ నీళ్ళ బొమ్మే వేసేది. మొదట్లో అన్నీ బురదే.

"ఇది వాగా, నేను పొర్లే గుంటా?" అనేది గేదె.

"ఇవాళ్టికి గుంటేలే అత్తా. రేపు చూద్దాం," అనేది చారలమ్మ. చెడిన చెక్కలను కూడా పారేసేది కాదు. పక్కన పేర్చుకుని, ఎక్కడ చెడిందా అని మళ్ళీ మళ్ళీ చూసుకునేది.

ఆ వేసవి చివర్లో గాలివానకు ఆమె గూడున్న చెట్టు కూలింది. అసలే కడుపుతో ఉంది పాపం. ముందు వానాకాలం, తలదాచుకునే చోటు లేదు.

అప్పుడే ముసలి ఏనుగు అందరికీ కబురు పెట్టింది. "నాకు చూపు మసకబారుతోంది. నేను పుట్టినచోటి జలపాతం ఎప్పుడో ఎండిపోయింది. కళ్ళు పూర్తిగా పోయేలోపు దాన్ని ఒక్కసారి బొమ్మలోనైనా చూపించండి. చూపించినవాళ్ళకు నా పొడి గుహ ఇచ్చేస్తాను."

ఆ గుహ మీద జిత్తయ్య నక్కకు ఎప్పటినుంచో కన్నుంది. ఆ బొమ్మ తానే ఇస్తానన్నాడు.

"నువ్వెప్పుడు బొమ్మలేశావు బావా?" అంది గేదె.

"అదేమన్నా బ్రహ్మవిద్యా? నా తోక చూడు, ఉడత తోకకు పదింతలు."

ఏనుగు చెప్పిన గుర్తులతో జలపాతం వేసి ఆరబెట్టి, చారలమ్మ నేరేడు పళ్ళకు వెళ్ళిన సమయం చూసి, జిత్తయ్య ఆ బొమ్మనూ రంగు చిప్పనూ నోట కరుచుకుని పోయాడు. బురద బొమ్మల కుప్పను ముట్టుకోలేదు. ఆ చెత్త దానికే ఉండనీ అనుకున్నాడు.

ఏనుగు ఆ చెక్కను కళ్ళకు ఆనించుకుంది. "అచ్చం అదే నాయనా. ఎడమపక్క ఒక నల్లరాయి ఉండేది. మా అమ్మ దానికి ఆనుకుని నిలబడేది. ఆ రాయి కూడా పెట్టవూ?"

"అదెంత పని," అంటూ జిత్తయ్య తోకంతా నేరేడు రంగులో ముంచి ఒక్క దెబ్బ అద్దాడు. రంగు నిలవలేదు, నురుగులోకి పాకింది. తుడవబోతే నురుగు కూడా పోయింది. ఏనుగు చూస్తుండగానే వాళ్ళమ్మ నిలబడ్డ చోటంతా బురదైపోయింది.

"చెక్క మంచిది కాదు," అన్నాడు జిత్తయ్య.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది గేదె.

బొమ్మను వెతుక్కుంటూ చారలమ్మ అప్పుడే వచ్చింది. పాడైన చెక్క చూసి దగ్గరకు లాక్కుంది. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. కానీ ఏనుగు కళ్ళు చూశాక ఆ రెండూ చెయ్యలేకపోయింది.

"కాసేపు కూర్చో పెద్దమ్మా," అని పరుగున వెళ్ళి కొత్త చెక్క తెచ్చుకుంది. పలచటి రంగుతో కొండ వేసి, నురుగు ఉండాల్సిన చోట తెల్ల చెక్కను అలాగే వదిలేసి, ఊరికే కూర్చుంది.

"ఏమిటీ, అప్పుడే మర్చిపోయావా?" అన్నాడు జిత్తయ్య.

"ఆరనీ బావా. తడి మీద రాయి పెడితే పారిపోతుంది."

ఆరాక చిక్కటి రంగుతో రాయి పెట్టింది. రాయి కదల్లేదు. ఏనుగు తొండం చాచి నురుగును తాకి చూసింది.

"తడి తగులుతుందనుకున్నానే తల్లీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "గుహ నీది. మరి ఆ మొదటి బొమ్మ ఎవరిది?"

"అదీ నాదే పెద్దమ్మా. మంచిది బావ పట్టుకుపోయాడు, చెడినవి నాకు వదిలేశాడు. నేను నేర్చుకున్నది వాటి దగ్గరే."

జిత్తయ్య ఆ నేరేడు మరక తోకను కాళ్ళ మధ్య దాచుకుని వెళ్ళిపోయాడు. వానలు పడ్డా ఆ మరక పోలేదని గేదె ఇప్పటికీ చెబుతుంది.

నీతి: మంచి బొమ్మను ఒక్కరోజులో ఎత్తుకుపోవచ్చు గానీ, చెడిన బొమ్మలు వెయ్యకుండా ఎవరికీ చెయ్యి తిరగదు.