కొలగెడ మీద గాటు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా బంగారయ్య గురువు వెంటనే జవాబు చెప్పేవాడు కాడు. అడిగినవాడి చేతికి ముందు ఏదో ఒక పని అందించేవాడు. దోనెలో నీళ్ళు తోడమనేవాడు, లేదంటే చిక్కుపడ్డ గాలపు తాడు విప్పమనేవాడు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు తట్టేది. కొందరికి ప్రశ్నే గుర్తుండేది కాదు. రెండూ లాభమేనని ఆయన నవ్వేవాడు. ఆయన శిష్యుల్లో పోలారావు ఒక్కడే, చేతిలో పని ఉన్నా ప్రశ్నను వదిలిపెట్టని మనిషి. ఆ పట్టుదల చూసే గురువు అతన్ని దగ్గర పెట్టుకున్నాడు.

కొండల నడుమ పల్లంలో వాననీరు చేరి, తనంతట తాను ఏర్పడిన పెద్ద సరస్సును మా వైపు ఆవ అంటారు. తూటిపాలెం వాళ్ళకి ఆ ఆవే పొలం, ఆవే సంత. రెండు తాటిమొద్దులు తొలిచి, పక్కపక్కన కట్టిన దోనెల మీద నిలబడి గాలం వెయ్యడం వాళ్ళ విద్య. అది నేర్పేది బంగారయ్య గురువు. ఏటా కార్తీకం వెళ్ళి నీళ్ళు తేరుకున్నాక ఒక రోజు వలలన్నీ గట్టున పెట్టేసి, అందరూ గాలాలతోనే ఆవలోకి దిగుతారు. ఆ రోజు పడ్డ అతి పెద్ద చేపను రేవులో తడి తామరాకుల మీద పడుకోబెట్టి, పక్కన వెదురు కొలగెడ ఆనిస్తారు. పాత గాటును దాటితే కొత్త గాటు పెట్టి, పక్కన పట్టినవాళ్ళ గుర్తు చెక్కుతారు. దాటకపోతే లేదు. ఆ తరువాతే చేపను కోసి, అన్ని దోనెల వాళ్ళూ పంచుకుంటారు. ఇదంతా పొద్దు కుంకేలోగా అయిపోవాలి.

ఆ గెడ మీద అన్నిటికన్నా పైన ఉన్న గాటు పోలారావు తండ్రి ఎర్రయ్యది. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన పట్టిన వాలుగ చేపది. పక్కన నెలవంక ఆయన గుర్తు. తండ్రి పోయాక కూడా పోలారావు ఏటా ఆ రోజున గెడ చేతికి రాగానే బొటనవేలు ఆ గాటులో ఒకసారి ఆనించి చూసుకునేవాడు. వేలు సరిగ్గా పట్టేది.

ఆ ఏడు గురువుకి చేతులు వణకడం ఎక్కువైంది. పొద్దున్నే ఆయన చెక్కుడు కత్తి తెచ్చి పోలారావు చేతిలో పెట్టాడు. "ఇక నుంచి గాటు నువ్వే పెట్టు. నువ్వు పెట్టిందే నిలుస్తుంది. నువ్వు పెట్టనిది పోతుంది. చూసుకో మరి" అన్నాడు. పోలారావు కత్తిని కళ్ళకద్దుకున్నాడు. ఆ మాట బరువు ఎంతో మాత్రం మూడో జాముకి గాని అతనికి తెలియలేదు. అప్పటికి నూకాలు దోనె రేవుకి వచ్చింది.

నూకాలు పద్దెనిమిదేళ్ళ కిందట సముద్రపు ఒడ్డు నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చింది. ఆ దోనెలో, ఆమె కాళ్ళ దగ్గర పడి ఉన్నది చెరువుల్లో పెంచే గడ్డిచేప. తామరాకుల మీదకి దించడానికి ముగ్గురు కావలసి వచ్చారు. పోలారావు కొలగెడ ఆనించాడు. తోక కొస నెలవంకను దాటి నాలుగు వేళ్ళు పైకి పోయింది. గెడను మళ్ళీ ఆనించాడు. మూడోసారి కూడా ఆనించబోతుంటే, సోములు అనే పెద్దాయన చుట్ట తీసి, "ఎన్నిసార్లు కొలిచినా అది పొట్టిదవదురా" అన్నాడు. రేవంతా నవ్వింది.

"పొడవు మాట కాదు మావా" అన్నాడు పోలారావు. "ఇది మన ఆవ చేపేటి? అయిదేళ్ళ కిందటి తుఫానుకి పైన చేపల చెరువుల గట్టు తెగితే కొట్టుకొచ్చింది. దీని తల్లి ఎవరో, ఏ తొట్టిలో పుట్టిందో మనకి తెలీదు. మన వాలుగతో దీన్ని పక్కపక్కన కొలుస్తామా?"

నూకాలు చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ తల ఎత్తింది. "తొట్టిలో పుట్టినా పట్టింది ఆవలోనే గదా అన్నయ్యా. నెల రోజులు చూశాను. తూర్పు దిబ్బ దగ్గర తామర చిగుళ్ళు ఒక్క పక్కనే తెగుతున్నాయి. అందరూ గాలానికి కప్పని గుచ్చితే నేను చిగురు గుచ్చాను. దాని కోసం తెల్లారగట్ల నుంచి దోనెలో కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది. అది ఎక్కడిదో నాకు తెలీదు. నా నడుం మాత్రం ఇక్కడిదే."

"నీ కష్టాన్ని నేను కాదనను చెల్లీ" అన్నాడు పోలారావు. నిజంగానే కాదనలేదు. "మూడేళ్ళ కిందట నా తాడు తెంపుకుపోయిన చేప దొరికుంటే ఈ గొడవే రాకపోను. అది మన ఆవ చేప. అలాంటిదాన్ని కొలిస్తే గెడకీ గౌరవం, మా నాన్నకీ గౌరవం."

ఆ చేప కథ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఏ పెళ్ళి పందిట్లో కూర్చున్నా, ఏ దోనె పక్కన దోనె ఆగినా అతను చెప్పేవాడు. తాడు పాములా నీళ్ళలోకి జారిపోవడం, దోనె అడ్డం తిరగడం, తోక కొట్టిన దెబ్బకి నీళ్ళు ముఖం మీద పడటం. చేప మాత్రం కళ్ళకి కనపడలేదు. తండ్రి గాటును దాటగలిగింది ఈ ఆవలో అదొక్కటేనని అతని నమ్మకం. సోములు మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు.

పోలారావు కత్తి, గెడ పట్టుకుని గురువు దగ్గరకి నడిచాడు. గురువు బోర్లించిన పాత దోనె మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. దారి పొడవునా పోలారావు తనను తాను తరచి చూసుకున్నాడు. తండ్రి గాటు కిందకి పోతుందని బాధ లేదా అంటే ఉంది. కాని తను అడిగేది న్యాయమైన ప్రశ్నే. గెడ కొలిచేది ఒక్క చేపను కాదు, ఆ నీటి సత్తువను. ఎక్కడో మేసిన చేపను తెచ్చి కొలిస్తే ఆవ గురించి గెడ అబద్ధం చెబుతుంది. ఈ మాట మీద నిలబడాలి, ఊరంతా నవ్వినా సరే. అలా నిశ్చయించుకుని, చేతులు కట్టుకుని అడిగాడు. "గురువుగారూ, తను పుట్టిన నీళ్ళు కాని నీళ్ళలో పట్టుబడ్డ చేపను లెక్కలోకి తీసుకోవచ్చా? తీసుకుంటే గెడకి అర్థం ఏటి?"

గురువు ఆ ప్రశ్నను విన్నాడు. బాగానే విన్నాడు, ఎందుకంటే కాసేపు ఆలోచించాడు కూడా. తరువాత, "చేప నోట్లో గాలం తీశావా?" అన్నాడు.

"లేదు."

"తీసి రా. గాలం మీదున్న చేప గురించి మాటాడకూడదు."

అది వాళ్ళ ఆచారమే. గెడ పట్టినవాడే గాలం తీసి, పట్టినవాళ్ళకి తిరిగి ఇవ్వాలి. పోలారావు వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చేప నోరు తెరిచాడు. కుడి దవడలో నూకాలు గాలం, దాని కొసన నలిగిన తామర చిగురు. తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇంతలో గురువు నెమ్మదిగా కర్ర ఊతంతో అక్కడికే వచ్చి నిలబడ్డాడు. "రెండోదీ తియ్యి" అన్నాడు.

పోలారావుకి అర్థం కాలేదు. గురువు కర్రతో ఎడమ దవడ వైపు చూపించాడు. పెదవి అక్కడ కొద్దిగా ఉబ్బి ఉంది. కొలిచేటప్పుడు మూడుసార్లు తోక దగ్గర చూసిన పోలారావు తల వైపు ఒక్కసారీ చూడలేదు. వేలితో తడిమితే మాంసం కింద గట్టిగా తగిలింది. ఏనాడో మానిపోయిన పుండు. చెక్కుడు కత్తి మొనతో గాటు పెట్టి పైకి లాగాడు. సైకిలు ఊచను వంచి చేసిన గాలం వచ్చింది. దాన్ని నీళ్ళలో కడిగాడు.

బంగారయ్య గురువు దగ్గర విద్య నేర్చిన ప్రతివాడూ తన గాలాన్ని తానే వంచుకోవాలి. తాడు కట్టే కన్ను కింద ఆకురాయితో తన గీతలు తానే గీసుకోవాలి. ఒకరికి ఒక గీత, ఒకరికి అడ్డగీత. ఆ గాలం మీద మూడు నిలువు గీతలున్నాయి. ఊళ్ళో మూడు నిలువు గీతలు ఒక్కడివే.

రేవులో ఎవరూ నవ్వలేదు. సోములు చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోలేదు. నూకాలు తన గాలాన్ని కొంగు చివర ముడి వేసుకుంటూ, "నీది నీకు తెచ్చిచ్చాను అన్నయ్యా" అంది మెల్లగా. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో పోలారావు వెతకలేదు. అరచేతిలో గాలాన్ని అటూ ఇటూ తిప్పాడు. మూడేళ్ళుగా తను నలుగురికీ చెప్పుకుంటూ వచ్చిన చేప కళ్ళు తెరుచుకుని తన ముందు పడుకుని ఉంది.

అయినా అతను పోలారావు. "గురువుగారూ, ఇది పుట్టింది మాత్రం ఇక్కడ కాదు గదా" అన్నాడు. గొంతు ఇందాకటిలా లేదు, కాని మాట అదే.

"కాదు" అన్నాడు గురువు.

"వాలుగ జాతి వేరు, దీని జాతి వేరు."

"వేరే."

"మరి?"

"మరేటి, ఆ రోజు నీ తాడు తెగాక, ఇది ఎక్కడ పుట్టిందని ఎవరినైనా అడిగావా?"

పొద్దు కొండ అంచుని తాకింది. పోలారావు చేప పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గెడను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. బొటనవేలు తండ్రి గాటులో ఒకసారి ఆనించాడు. తరువాత అక్కడి నుంచి నాలుగు వేళ్ళు కొలిచి, కత్తి ఆనించి, వెదురు కిర్రుమనేలా నొక్కాడు. పైపైన గీసి వదిలేస్తాడేమోనని అందరూ చూస్తున్నారు. కాని కిందనున్న పాత గాటు ఎంత లోతో ఇదీ అంత లోతు వచ్చేదాకా అతను చెయ్యి ఎత్తలేదు. పక్కన నూకాలు గుర్తు అడిగి, ఆమె చెప్పినట్టే చిన్న శంఖం చెక్కాడు. చెక్కి, తల ఎత్తాడు.

"ఏ జాతి చేపో కూడా గియ్యనా గురువుగారూ? రేపు ఎవరైనా అడిగితే గెడ నిజం చెప్పాలి గదా."

"గియ్యి. మీ నాన్న గాటు పక్కన వాలుగనీ గియ్యి. అడిగేవాళ్ళు రెండూ చూసే అడుగుతారు."

పోలారావు రెండూ గీశాడు. కత్తి తుడిచి లేచి, చేతిలో మిగిలిన మూడు గీతల గాలాన్ని ఆవలోకి విసరబోయాడు. గురువు వణికే చేత్తో అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అది పారెయ్యకు" అన్నాడు. "గెడ పట్టేవాడికి అక్కరకొస్తుంది."