పాతాళబావి నీళ్ళు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. కొడుకు పుట్టినప్పుడల్లా ఒక బావి తవ్వించడం వాళ్ళ వంశాచారం. పెద్దవాడికి పది నిలువుల లోతు తవ్వించాడు, నడిమివాడికి ఇరవై, కడగొట్టువాడికి ముప్పై. ఎంత లోతైతే అంత ఘనత!

కొన్నేళ్ళకి జనానికి అరచేతుల నిండా ఆనెలు కాశాయి. ఒంటిమీద చినుకులు పడ్డట్టు నల్లమచ్చలు లేచాయి. ఒక్కొక్కరే రాలిపోసాగారు. చివరికి రాణి చేతులూ గరుకెక్కాయి.

"ఏడు సముద్రాల అవతల ఉన్న కరాళ మాంత్రికుడే బావుల్లో విషం కలిపాడు," అన్నాడు రాజు.

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. కడగొట్టువాడు మణిధరుడు తల్లి చేతులు కళ్ళకద్దుకుని బయల్దేరాడు.

ముసలి తాబేలొకటి అతన్ని వీపున ఎక్కించుకుంది. "నాయనా, మీ నేల అడుగున పాషాణం ఉంది. కొండలు పుట్టిననాటి విషం. ఎవరూ కలిపింది కాదు," అంది.

"నువ్వు ఈదు తాతా, కబుర్లు తర్వాత!"

ఏడు సముద్రాలూ దాటారు. గుహలో పంజరం, పంజరంలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం. వాడు నిద్రలేచేసరికి చిలక మెడ మణిధరుడి గుప్పిట్లో ఉంది.

"ఓరి పిచ్చివాడా! మీ అన్నల్ని మింగాను, ఒప్పుకుంటాను. మీ నీళ్ళ జోలికి మాత్రం రాలేదు. నన్ను చంపితే అవి బాగుపడతాయా?"

"చావు ముంచుకొస్తే ఎన్నైనా చెబుతావు," అని చిలక మెడ విరిచేశాడు.

ఊరంతా డప్పులు మోగాయి. బావులకి పసుపూ కుంకుమా పెట్టి, భయపడి మానేసినవాళ్ళు కూడా కడివెడేసి తాగారు. అందరికంటే ఎక్కువ రాణి తాగింది.

నెలలు గడిచాయి. ఆనెలు తగ్గలేదు. మణిధరుడు ఇల్లిల్లూ తిరిగి లెక్క కట్టాడు. పెద్దన్న బావి నీళ్ళు తాగే నూరిళ్ళలో ఆరిళ్ళకి జబ్బు. చిన్నన్న బావి దగ్గర ముప్పై. తన బావి దగ్గర డెబ్బై. ఏటి నీళ్ళు తాగే పడవవాళ్ళ పేటలో ఒక్కటీ లేదు.

తల్లి దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మా, ఆ నీళ్ళు తాగకు! నేనేమీ గెలవలేదు. ఊరికే ఒక చిలకని చంపాను."

రాణి చెంబు వదల్లేదు. "ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుని తెచ్చుకున్న నీళ్ళురా ఇవి. పారబోస్తే వాళ్ళెందుకు పోయినట్టు?" అని గటగటా తాగేసింది.

వానలు పడేలోపే రాణి కన్నుమూసింది.

మణిధరుడు పడవవాడి కూతురు తరళని పెళ్ళాడి, రాజై అరవై ఏళ్ళు ఏలాడు. ఊరందరిచేతా ఏటి నీళ్ళు తాగించాడు. ఏ పిల్లవాడి చేతికీ మళ్ళీ ఆనె కాయలేదు. తల్లిచేత మాత్రం ఒక్క గుక్కెడు తాగించలేకపోయాడు.