విత్తులగది తాళమూ, లింగక్క దబ్బనమూ

అనగనగా ఒక ఊరు. ఎప్పటి ఊరని అడక్కండి, చెప్పినవాళ్లకూ తెలీదు, విన్నవాళ్లకూ తెలీదు. ఆ ఊళ్లో లింగక్క అని ఒకతె ఉండేది. చింతపండు కొట్టి గింజలు తీసి బతికేది. మొగుడు లేడు, పొలం లేదు, నోరు మాత్రం ఉంది.

ఒకరోజు చింతపండు బస్తా అడుగున ఆమెకో తాళంకప్ప దొరికింది. వేసే ఉంది. చెవి లేదు. ఊపితే లోపల ఏదో టిక్కుమంది.

"లోపల ఏముందబ్బా?" అనుకుంది లింగక్క. అంతే, ఆ టిక్కు ఆమెను పట్టుకుంది.

పని అయ్యాక అరుగు మీద కూర్చుని తుమ్మముల్లుతో పొడిచింది. ముల్లు విరిగింది. చీపురుపుల్లతో పొడిచింది. పుల్ల విరిగింది. బస్తాలు కుట్టే దబ్బనంతో పొడిచింది. దబ్బనం వంగింది, కప్ప కదల్లేదు. ఇంకో దబ్బనం తెచ్చింది. వంగినదాన్ని లోపల పెట్టి తిప్పి పట్టుకుని, రెండోదానితో తడిమింది. గట్టిగా తిప్పితే బిగుసుకుంటుంది. చెయ్యి వదిలేస్తే అంతా మొదటికొస్తుంది. ఇదేం వింతో ఆమెకు అర్థం కాలేదు.

ఒకనాడు అలా తడుముతూ ఉండగా పక్కింటి సుంకమ్మ కొంగు దోపుకుని వచ్చింది.

"ఏమే, నా కోడి మీద రాయి విసిరావా?"

"నీ కోడి నా చింతపండంతా తొక్కితే, హారతి పట్టమంటావా?"

కళ్లు సుంకమ్మ మీద, చేతులు కప్ప మీద. టక్కుమని కప్ప తెరుచుకుంది! ఇద్దరూ తిట్లు మరిచి దాన్నే చూశారు.

"ఎట్లా తీశావే?"

"నాకేం తెలుసే!"

మళ్లీ వేసింది. మళ్లీ తడిమింది. రాలేదు. ఇక అదే వరస. సుంకమ్మ తిడుతుంటే వచ్చేది. తిట్టకపోతే వచ్చేది కాదు. ఎందుకో లింగక్కకు తెలీదు.

ఊరు ఊరుకుంటుందా? పెద్దకాపు నరసన్న దారిలో నిలబడి అందరూ వినేలా అడిగాడు. "ఎవరింటికి కన్నం వేద్దామని లింగక్కా, ఈ సాధన?"

"నా కప్పను నేను తెరుచుకుంటే దొంగతనం ఎట్లయిందన్నా?"

ఆయన జవాబు లేని మగవాళ్లు చేసే పనే చేశాడు, గట్టిగా నవ్వాడు. ఆనాటి నుంచి ఆమె దొంగ లింగక్క.

ఆ ఊరి జొన్న విత్తులన్నీ ఒకే గదిలో ఉండేవి. ఆ గది తలుపుకు గానీ, గోడకు గానీ, మిద్దెకు గానీ దెబ్బ తగలకూడదు. తగిలితే లోపలి విత్తనం మొలవదని నమ్మకం. తాళంచెవి పెద్దకాపు మొలతాడుకు ఉండేది. ఆ ఏడు తొలివాన ఇరగ కురిసింది. పెద్దకాపు సంబరంగా వాగులో మునిగాడు. లేచేసరికి మొలతాడు ఉంది, చెవి లేదు.

నేల తడిసి విత్తడానికి పదునెక్కి కూర్చుంది. పదును ఆరితే ఆ ఏటికి పంట లేదు. కమ్మరి మూడు చెవులు చేశాడు. ఒకటి దూరలేదు. ఒకటి తిరగలేదు. ఒకటి దూరి, తిరిగి, ఏమీ కాలేదు. "సుత్తి పట్టనా?" అన్నాడు. "అమ్మో!" అన్నారందరూ. అందరూ లింగక్క గుడిసె వైపు చూశారు. పెద్దకాపు తలవంచుకుని వెళ్లాడు.

"తెరిస్తే దొంగను, తెరవకపోతే పనికిమాలినదాన్ని. ఏది కావాలో తేల్చుకుని రా అన్నా," అంది లింగక్క.

"పిల్లల కడుపులు చూడమ్మా," అన్నాడాయన.

లింగక్క దబ్బనాలు తీసుకుని లేచి విత్తులగదికి నడిచింది.

తడిమింది. రాలేదు. చెమటలు పట్టాయి. వెనక్కి తిరిగి అరిచింది. "సుంకమ్మా, తిట్టవే!"

"ఇంతమంది పెద్దల ముందరా?"

"పంట పోతుంది, తిట్టవే!"

సుంకమ్మ సిగ్గుపడింది. గొంతు సవరించుకుంది. "కోడిని కొట్టినదానా..." అని సన్నగా మొదలుపెట్టింది. తర్వాత పాతవన్నీ గుర్తొచ్చాయి. ఇక ఆగలేదు. లింగక్క వదిలిపెడుతుందా? మాటకు మాట అంటోంది. చేతుల సంగతి మరిచిపోయింది. టక్కుమంది తాళం.

ఎట్లా తీశావని ఊరంతా అడిగింది. "నన్నడుగుతారేం? సుంకమ్మనడగండి," అంది. "నేను తిట్టానంతే," అంది సుంకమ్మ. మొదటి దోసెడు విత్తులు లింగక్క చేత చల్లించారు. దొంగ అన్న నోళ్లు మూతపడ్డాయి.

ఏళ్లు గడిచాయి. లింగక్క పోయింది. మరుసటి ఏడు విత్తులగదికి కొత్త కప్ప, కొత్త చెవి. పెద్దకాపు తిప్పాడు. తిరగలేదు. కమ్మరి తిప్పాడు. తిరగలేదు. అప్పుడు ముసలి సుంకమ్మ కర్ర ఊతగా పెట్టుకుని వచ్చింది. లింగక్క గుడిసె ఖాళీ గడప వైపు చూసింది.

"ముదనష్టపుదానా! నన్నొక్కదాన్నే వదిలి పోయావు కదే! ఇప్పుడు నేనెవరితో పోట్లాడేదే?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. కమ్మరి చేతిలో చెవి తిరిగింది.

ఎందుకు తిరిగిందో ఎవరికీ తెలీదు.

ఈనాటికీ ఆ ఊళ్లో చెవి చేతిలో ఉన్నా సరే, విత్తులగది ఊరికే తెరవరు. ముందు ఒక ముసలమ్మ వచ్చి లింగక్కను పేరుపెట్టి తిడుతుంది. మగవాళ్లు తలగుడ్డలు తీసి నిలబడి వింటారు. "ఎందుకవ్వా తిట్టడం?" అని పిల్లలు అడుగుతారు.

"తెలీదు. నువ్వూ ఒక మాట తిట్టు," అంటుంది ముసలమ్మ.