రాతిబయలు చుట్టూ ఊసలు

జగ్గారావు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే కుర్చీలోంచి జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని, అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని, గుమ్మకొండ అడవిలోకి నడుస్తారు. సగంమంది దారిలోనే తమ ప్రశ్న మరిచిపోతారు. మిగిలినవాళ్లకు ఆయన జవాబు చెప్పారన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తెలియదు.

ఆ ఆదివారం పొద్దున అడిగినవాడు దివాకర్. కాలేజీలో ఆయన దగ్గర చరిత్ర చదువుకుని, ఆయన రిటైరయ్యాక కూడా ఆ గడప వదలని శిష్యుడు. చరిత్రను కాపాడటమంటే ఇదే కదా మాస్టారూ, అన్నాడు. పేరుకే ప్రశ్న. గొంతు నిండా గెలుపే ఉంది.

"చూద్దాం పద," అన్నారు మాస్టారు.

గెలుపు చిన్నదేమీ కాదు. గుమ్మకొండ ఒకప్పుడు జమీందారు వేటాడిన అడవి. ఆ తర్వాత తెల్లదొరలు కలప కోసం హద్దులు గీశారు. నలభై ఏళ్ల కిందట సర్కారు దాన్ని రక్షిత అడవి అని, కొండమీది గూడేన్ని ఖాళీ చేయించి, ముప్పై మైళ్ల అవతల రేకుల ఇళ్ల కాలనీలోకి దింపింది. ఉన్నవాళ్లను వెళ్లగొట్టాక అడవి ప్రజలదైంది. నడకదారులు వేశారు, గేటు దగ్గర టికెట్ పెట్టారు. జనం ఆదివారం ఆదివారం వచ్చి అడవిని తిని, ఎముకలూ ప్లాస్టిక్ సంచులూ వదిలి వెళ్లేవారు. గూడెం ఉండిన చోట, మద్దిచెట్ల మధ్య, బల్లపరుపు రాళ్లు ముప్పై దాకా ఉన్నాయి. రాతిబయలు అంటారు. బిర్యానీ పొట్లాలు విప్పుకోవడానికీ, పేకాటకీ అంత వీలైన చోటు ఆ అడవిలో మరొకటి లేదు.

అవి బెంచీలు కావని దివాకర్ ఒక పాత దస్త్రంలో చదివాడు. గూడెంలో ఎవరు పోయినా వాళ్ల పేరిట ఒక రాయి పరిచేవారట. ఆ పుట చదివాక అతనికి రెండు రోజులు అన్నం సహించలేదు. ‘సమాధుల మీద విందులా?’, ‘అడవి అడవిబిడ్డలదే’ అని అట్టల మీద రాసుకుని, మిత్రులతో కలిసి గేటు ముందు పదకొండు రోజులు కూర్చున్నాడు. అధికారులు దిగివచ్చి కంచె వేస్తామన్నారు. నడుమెత్తు కంచె చాలదని తలకు మించిన ఇనప ఊసలు వేయించాడు. తాళంచెవి గార్డు చేతిలో ఉంటే పదిరూపాయలకు తెరుస్తాడని, పట్నంలోని ఆఫీసులోనే ఉంచాలని కాగితం మీద రాయించుకున్నాడు. ఇంత చేసినా కాలనీకి వెళ్లడానికి మాత్రం అతనికి తీరిక చిక్కలేదు. వాళ్ల బాధ పుస్తకాల్లో అంత స్పష్టంగా ఉంటే వెళ్లి అడగవలసింది ఏముంటుంది?

ఇద్దరూ వెళ్లేసరికి రాతిబయలు ఖాళీగా ఉంది. ఊసలకు వేసిన పచ్చరంగు ఇంకా కొత్తగా వాసన కొడుతోంది. రాళ్ల మీద ఎండుటాకులు పేరుకున్నాయి. దివాకర్ కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లకు వీళ్లకింత ప్రశాంతత, అనుకున్నాడు.

అప్పుడు కనిపించింది, కంచె తలుపు దగ్గర ఒక ముసలామె. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. పక్కన నుదుట బొట్టు లేని నడివయసు మనిషి, ఆమె కోడలు. గార్డు వాళ్లకు ఏదో సర్దిచెబుతున్నాడు. వీళ్లను చూడగానే బరువు దిగినట్టు అన్నాడు, ఇదిగో ఈ సార్‌గారే పోరాడి ఊసలు పెట్టించారు, అడుగు, అని.

ఆమె పేరు సుక్రమ్మ. దివాకర్‌ని కిందినుంచి పైదాకా చూసింది.

"మా ముసిలోడు ఏటి తప్పు సేసినాడు బాబూ, ఊసల్లో ఎట్టినారు?"

దివాకర్ తడబడ్డాడు. అది శిక్ష కాదనీ, గౌరవమనీ, పట్నంవాళ్లు వచ్చి ఆ రాళ్ల మీద కూర్చుంటున్నారు గనుక పెట్టించామనీ చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. కూర్చోడానికే కదా పరిచాం, అంది. రాయి పరిచేది పోయినవాళ్లు ఒంటరిగా ఉండకూడదనట. ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలి, తినాలి, నవ్వుకోవాలి. గూడెం కిందికి దిగిపోయాక ఆమె ఏడాదికొకసారి, కొత్త మామిడికాయ నోట పెట్టే కొత్తల పండగ కాగానే, వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఎవరి పిల్లలో తన మొగుడి మీద ఎక్కి గెంతుతుంటే చూసి, పోన్లే, సందడిగానే ఉన్నాడు అనుకుని దిగిపోయేదట. మీ పట్నపోళ్లు మంచోళ్లు బాబూ, మా బదులు కూసున్నారు, అంది.

ఈ ఏడు మాత్రం ఊరికే రాలేదు. సంగతి కోడలు చెప్పింది, నేల చూస్తూ. పుష్యమాసంలో కొడుకు పోయాడు. కాలనీలో రాయి పరచడానికి చోటు లేదు. రాయి లేనివాణ్ణి తండ్రి తన పక్కకు పిలుచుకోవాలి. పిలవాలంటే ముందు తండ్రికి తెలియాలి. ఆ కబురు ముసలామే చెప్పాలి, ఆ రాయి మీద కూర్చుని, తండ్రీకొడుకులిద్దరికీ ఒకే గిన్నెలో పెట్టి.

దివాకర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆదివారం. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. గార్డు గొంతు తగ్గించి, తాళంచెవి నా దగ్గరుంటే ఈపాటికి తీసేవాణ్ణి కద సార్, అన్నాడు. మీరే కదా వద్దన్నారు అనలేదు, పాపం.

సుక్రమ్మ ఊసల మధ్యనుంచి చెయ్యి చాపింది. భుజం దాకా దూర్చింది. ఊసల వెంట నాలుగో రాయి ఆమె మొగుడిది. వేళ్ల చివరికీ రాతి అంచుకీ మధ్య జానెడు దూరం మిగిలింది. ఒక ఎండుటాకు మాత్రం చేతికి తగిలితే దాన్ని పక్కకు తోసింది.

ఇక్కణ్ణుంచే చెప్పమ్మా, వినబడుతుంది కదా, అన్నాడు దివాకర్. అన్నాక తన గొంతు తనకే చెడ్డగా వినిపించింది.

"సావుకబురు బాబూ," అంది సుక్రమ్మ. "నిలబడి సెప్పకూడదు."

మరి కాసేపు నిలబడింది. మూడింటికి కిందినుంచి ఒకటే బస్సు. కోడలు గుర్తు చేస్తే చెయ్యి వెనక్కి తీసుకుంది. మోచేతికి పచ్చరంగు అంటింది. గిన్నె గుడ్డ విప్పనే లేదు. ఆఖరి మాటగా ఊసలవైపు తిరిగి, వస్తాన్రా ముసిలోడా అంది. ఇద్దరూ మెల్లగా మెట్లదారి పట్టారు.

దివాకర్ వెంటనే జేబులోంచి కాగితం, కలం తీశాడు. రేపే ఆఫీసుకు వెళతానన్నాడు, ఊసలు పీకేదాకా ఊరుకోనన్నాడు, అవసరమైతే మళ్లీ గేటు ముందు కూర్చుంటానన్నాడు, ఈసారి ఇరవై రోజులైనా సరే. మాటలు తన్నుకువస్తున్నాయి. కళ్లలోంచి నీళ్లు కూడా. అతను వాటిని తుడుచుకోలేదు.

మాస్టారు మెట్లదారి వైపే చూస్తున్నారు. అక్కడ ముసలామె ఒక్కో మెట్టుకూ ఆగి, రెండు కాళ్లూ కూడదీసుకుని దిగుతోంది.

"అవన్నీ రేపు," అన్నారాయన. "ఇప్పుడు వెళ్లి ఆమెకు చెయ్యి అందించు. బస్సెక్కే దాకా ఏమీ మాట్లాడకు."