సింగారి వదిలేసిన కాలు

కొండవాలున ఓ ఇప్పచెట్టు తొర్ర నిండా తేనెపట్టులు వేలాడుతుండేవి. గుమ్మంలో కాపలా ఈగ అచ్చియ్యమ్మ. నోరు పెద్దది, ఓపిక చిన్నది. వచ్చే ప్రతి ఈగనీ వాసన చూసేది. మన వాసనైతే లోపలికి పో అనేది, కాకపోతే ముల్లు లేపేది. ఎదురు కొమ్మ మీది తొండతో రోజూ తగువే.

లోపల మైనం పనివాళ్ళు ఒకరి కాలు ఒకరు పట్టుకుని వేలాడుతూ గదులు కట్టేవాళ్ళు. ఆ కాలు వదలకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు. ఓ రోజు వాళ్ళలో సింగారి అనే ఈగ వదిలేసింది.

"ఏమే, కాలు వదిలేశావేం?" అంది అచ్చియ్యమ్మ లోపలికొచ్చి.

"విసుగొచ్చింది పిన్నీ. పురుగుగా ఉన్నప్పుడు నాకెవరైనా పని చెప్పారా? ఎంచక్కా తిని పెరిగాను. మళ్ళీ అలాగే ఉంటాను."

"సిగ్గు లేకపోతే సరి! రెక్కలొచ్చాక ఉగ్గు తాగుతావా?"

ముల్లు లేపింది. వాసన చూస్తే మన వాసనే. "నా ఖర్మ! మన పిల్లేగా," అని గొణుక్కుంటూ గుమ్మానికి పోయింది. అక్కడ తొండ తేనెకోసం నాలుక చాపుతోంది మరి.

సింగారి తిని తిని గుడ్లు పెట్టింది. రాణీ ఈగ రాణమ్మ పెట్టాల్సిన గుడ్లు! సింగారికి వంకరగానైనా గది కట్టడం గుర్తుంది. దాని పిల్లలకు అదీ రాదు. మనవరాళ్ళకైతే గదంటే ఏంటో కూడా తెలీదు. తినడం, కనడం, సందు దొరికితే దూరడం, అంతే. ఎవరి కాలూ పట్టుకోరు కనక ఆపేవాళ్ళూ లేరు. తేనె మోసేవాళ్ళ వరసలో కలిసిపోయి పక్క పట్టుకీ, అక్కణ్ణించి పిల్లల పట్టుకీ చేరారు.

పిల్లల్ని సాకే మంగాయి పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ, మా పసివాళ్ళ తిండి ఎవరో మింగేస్తున్నారు!"

అచ్చియ్యమ్మ వెళ్ళి వాసన చూసింది. "మనవాళ్ళేనే! కాస్త సర్దుకు చావండి. అవతల తొండతో నా ప్రాణం పోతోంది."

"మనవాళ్ళయితే ఏం పని చేస్తున్నారో అడుగు పిన్నీ!"

"కాపలా నీదా, నాదా? పోవే!"

వానలు పట్టాయి. తేనె అడుగంటింది. పసివాళ్ళు తిండిలేక పోయారు, మంగాయీ పోయింది. కట్టే దిక్కు లేక పట్టులు ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. రాణమ్మ కూడా దక్కలేదు. ఆ ముక్కల మధ్య కదల్లేనంత బొద్దుగా కూర్చుని, సింగారి అడిగింది:

"పిన్నీ, తిండేదీ?"

"ఇల్లంటూ మిగిల్చావా నా తల్లీ, తిండి మిగలడానికి!" అని అచ్చియ్యమ్మ బావురుమంది.

తొండ తీరిగ్గా గుమ్మం దాకా వచ్చి తొంగిచూసింది. "ఇన్నాళ్ళలో ఒక్కసారైనా నన్ను గడప దాటనిచ్చావా, అచ్చియ్యమ్మా? నా వల్ల కాని పని నీ పిల్లే చేసిపెట్టింది. ఇక నాకూ ఇక్కడ నాకడానికి తేనె చుక్కైనా లేదు," అని వెనక్కి తిరిగింది.

అచ్చియ్యమ్మకు ఒళ్ళు మండిపోయి ముల్లు లేపింది. ఎవర్ని కుట్టాలి? చుట్టూ అంతా మన వాసనే.

అందుకే, మనవాళ్ళేనా అని చూసుకుంటే చాలదు, ఏం పని చేస్తున్నారో కూడా అడగాలి.