ముళ్లపంది తవ్విన చెలమలు

కొండ కింది అడవిలో వాగు చలికాలమంతా తేటగా పారుతుంది. ఎండలు ముదిరితే చిక్కిపోయి బురదగుంటవుతుంది. ఆ బురద తాగితే పిల్లలకు కడుపుజబ్బు. అందుకే ముళ్లపంది వాగు ఇసుకలో లోతుగా చెలమలు తవ్వేది. చుట్టూ గులకరాళ్లు, కాలిన మోడుల బొగ్గు పేర్చేది. బురద ఇసుకలోనే ఆగిపోయి మంచినీరు ఊరేది. చలికాలమంతా తవ్వుతూ, జారిన ఇసుక ఎత్తిపోస్తూ ఉంటేనే ఎండల్లో చెలమ నిలుస్తుంది. ఆ పనిలో పడి మేతకు పోలేకపోయేది కాబట్టి, తాగేవాళ్లే తినడానికి తలా ఒక దుంపగడ్డ తెచ్చిపెట్టేవారు.

ఒక చలికాలం నక్క ఒక తెల్లకొంగను వెంటబెట్టుకొచ్చింది. కొంగ ముక్కున మెరిసే జల్లెడ.

"దూరదేశపు సరుకు పెద్దయ్యా," అంది నక్క, అడవికి పెద్దయిన ఎలుగుబంటితో. "వాగుకు అడ్డంగా కడితే చాలు, బురదంతా ఆగిపోతుంది."

"ఏమివ్వాలి?"

"ఏమీ వద్దు. వాగులో చేపలు కొంగగారివి, మిగిలినవి నావి. మీరెలాగూ చేపలు ముట్టరుగా."

జల్లెడ కట్టారు. అందరూ తాగి తలలూపారు.

"చలికాలం వాగు జల్లెడ లేకున్నా తేటే," అంది ముళ్లపంది. "ఎండలకు కొంగలు ఎగిరిపోతాయి, ఏటా చూస్తున్నదేగా. అప్పుడు దీన్ని కడిగేదెవరు? చిరిగితే అతికేదెవరు?"

"కడుపుమంట," అంది నక్క.

లేడి తన కూనను నాకుతూ, "అట్లా అనకు. ముళ్లపంది పిన్నంటే మాకెంత గౌరవమో," అంది.

"గౌరవం సరే, ఈ ఏడు గడ్డ తెస్తావా?" అంది ముళ్లపంది.

"ఊరికే దొరుకుతుంటే ఎందుకులే పిన్నీ."

ఎలుగుబంటి ముళ్లపందికి పూలదండ వేయించింది. "మన అడవి బిడ్డ. మనకు గర్వం," అంది. ముళ్లపంది బొరియకు పోయి, ముళ్లకు చిక్కుకున్న ఆ దండనే పీక్కుని తింది. మర్నాడు తినడానికి అదీ లేక కొండ దాటి వెళ్లిపోయింది.

ఎండలొచ్చాయి. కొంగ ఎగిరిపోయింది. జల్లెడకు బురద పట్టి నడిమికి చిరిగింది. లేడి చెలమల దగ్గరికి పరుగెత్తింది. ఇసుక కప్పేసి ఉంది. అప్పటికే బురద తాగిన కూన కడుపుజబ్బుతో కూలబడింది. లేడి, ఎలుగుబంటి కొండ దాటి వెళ్లాయి. అక్కడ ముళ్లపంది కొత్త చెలమ చుట్టూ అక్కడివాళ్లు తెచ్చిన గడ్డల కుప్పలు.

"ఇంటికి రా తల్లీ. నువ్వు మా బిడ్డవు," అంది ఎలుగుబంటి.

"నాకు ఆకలైనప్పుడు ఎవరి బిడ్డను పెద్దయ్యా? ఇప్పుడొచ్చి తవ్వినా నీరందదు. చలికాలంలో మొదలుపెట్టాల్సిన పని." అంతలో లేడి ముఖం చూసి గొంతు తగ్గించింది. "కూనను తీసుకురా, ఇక్కడ తాగుతుంది."

"అది లేవలేకుండా ఉంది పిన్నీ."

ముళ్లపంది మోదుగాకు దొప్పలో నీళ్లు ముంచి ఇచ్చింది. లేడి నోట కరుచుకుని కొండ దిగేసరికి దొప్పకు తడి మాత్రమే మిగిలింది. కూన ఆ ఆకును నాకింది. మళ్లీ తల ఎత్తలేదు.

"చలికాలం రానీ పెద్దయ్యా," అంది నక్క, పళ్ల సందున ఇరుక్కున్న చేపముల్లు తీసుకుంటూ. "ఈసారి ఇంకా పెద్ద జల్లెడ తెప్పిస్తా."

ఎలుగుబంటి సరేనన్నట్టు తలూపింది.

నీతి: మనవాడికి దండ, పరాయివాడికి పని ఇచ్చిన చోట కష్టకాలానికి ఇద్దరూ ఉండరు.